ఇంకో మిల్లీసెకను

ఆ ఉదయం ఇల్లాలి ఏర్పాటులో చిక్కేమీ లేదు. తమ్ముడు కారు తెస్తాడు, ముగ్గురూ కలిసి నూలు మిల్లులో తండ్రి పదవీ విరమణ వీడ్కోలు సభకు వెళతారు, అంతే. పరిశోధకుడైన భర్త ఇంతవరకూ పుట్టింటివారి ఏ వేడుకకూ వేళకు వచ్చిన పాపాన పోలేదు. ఈసారి మాత్రం "అల్లుడు పక్కన లేనిదే వేదిక ఎక్కను" అని తండ్రి ముందే చెప్పేశాడు.

భర్త ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కంప్యూటరు ముందు కూర్చున్నాడు. తెర మీద నారింజ రంగు మంట, దాని చుట్టూ కదలని చుక్కలు.

"ఏమండీ, ఇంకా ఎంత మిగిలింది?"

"ఒక్క మిల్లీసెకను."

సెకనులో వెయ్యోవంతని డిగ్రీ చదివిన ఆమెకు తెలుసు. చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.

తమ్ముడు వచ్చి హారన్ కొట్టాడు. కొట్టి కొట్టి లోపలికొచ్చాడు. "ఎంతసేపు బావా?"

"మిల్లీసెకను ఉంది."

తమ్ముడు కాఫీ తాగాడు, పేపరు తిరగేశాడు. "ఇప్పుడో?"

"మిల్లీసెకనే."

తమ్ముడి మొహం మాడిపోయింది. వరండాలోకెళ్లి, అప్పటికే తండ్రితో మిల్లుకు చేరిన తల్లికి ఫోను చేశాడు. మరుక్షణం ఇల్లాలి ఫోను మోగింది.

"అల్లుడుగారికి రావడం ఇష్టం లేదటగా. మీరిద్దరూ పోట్లాడుకున్నారటే?" అంది తల్లి. "నా వల్ల తప్పేదైనా జరిగిందేమో కనుక్కో" అని వెనకనుంచి తండ్రి గొంతు.

ఆమె నేరుగా భర్త దగ్గరికెళ్లింది. "అసలా మిల్లీసెకను సంగతేమిటి?"

"చిమ్మిన ఇంధనం గాలి సుడుల్లో ఆవిరై అంటుకుంటుంది చూడు, ఆ మంట మండే కాలంలో ఇంకో మిల్లీసెకను మిగిలింది. అంతసేపట్లో ప్రతి చుక్కనీ, ప్రతి సుడినీ ఉజ్జాయింపు లేకుండా లెక్కగట్టాలి."

"ఎప్పటికవుతుంది?"

"వచ్చే నెలాఖరుకి."

"బావకి వచ్చే నెలాఖరుదాకా తీరదట నాన్నా" అని గుమ్మంలోంచి విన్న తమ్ముడు వెంటనే ఫోనులో చేరవేశాడు.

ఆమె కుర్చీలో కూలబడింది. కాసేపటికి ఒక అనుమానం వచ్చింది. "అందాకా మీరు దాన్ని కాపలా కాయాలా?"

"నేనెందుకూ? లెక్కచేసేది ల్యాబులో యంత్రాలు. వాటి పని అవి చేసుకుంటాయి."

"మరి లేవరేం?"

అతను అయోమయంగా చూశాడు. "ఎంత మిగిలిందని అడుగుతున్నారు, చెబుతున్నాను. పదమని ఒక్కరూ అనలేదే. పొద్దుటినుంచీ బూట్లతోనే కూర్చున్నాను."

కారు ఎక్కడా ఆగకుండా మిల్లుకు చేరింది. అప్పటికే హాల్లో కుర్చీలు మడిచి గోడవార పెట్టేశారు. తండ్రి తన బల్ల దగ్గర చొక్కా చేతులు మడుచుకుని పనిలో పడ్డాడు.

"మీరు లేకుండా సభేమిటని ఓనరుగారితో చెప్పాను అల్లుడుగారూ. నా స్థానంలోకి మనిషి దొరక్క ఆయన తల పట్టుకుని ఉన్నాడేమో, మీ పనయ్యాకే పెట్టుకుందాం, అందాకా కొనసాగమన్నాడు."

"వచ్చేశాను కదా మామయ్యా."

"వచ్చే నెలాఖరుదాకా నన్ను పొడిగించినట్టు నోటీసు అంటించేశారుగా."

ఆ విధంగా మామగారి ఉద్యోగం ఒక మిల్లీసెకను పెరిగింది.