పెటిగ్రూ కందుకవిజయము

ఏ మాసాన ఈరీ మహాసరోవరం మీద పుట్టిన శీతమారుతం ఒహాయో దేశపు మొక్కజొన్న మోళ్లను కోసుకుంటూ వచ్చి మనుషుల చెవులు పట్టి మెలిపెడుతుందో, ఏ వారాన ఆ దేశవాసులు ప్రార్థనామందిరంలో అరమనసుతోనూ ఆటమైదానంలో నిండుమనసుతోనూ తమ భక్తి చాటుకుంటారో, ఆ నవంబరు మాసపు కడపటి ఆదివారం నాడు, మధ్యాహ్నం ఒంటిగంట వేళ, గాజునగరమని కీర్తి కెక్కిన టొలీడో పట్టణాన, అరవైవేల ఉన్నిటోపీల నడుమ, వీరాగ్రేసరుడైన జవారిస్ పెటిగ్రూ తన జట్టు మళ్లీ గెలుస్తుందేమోనన్న దిగులుతో రణరంగంలో అడుగుపెట్టాడు.

అతని అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు టొలీడో గ్లేజియర్స్ ఆ ఏడు పది ఆటలు ఆడి పదీ గెలిచారు. పదకొండోది గెలిస్తే లీగులో తమ విభాగానికి ఏలికలు. పద్దెనిమిదేళ్లుగా ఆ భాగ్యం ఎరుగని ఊరు ఉబ్బితబ్బిబ్బవుతోంది. మంగలిషాపుల్లో ముక్కూమొహం తెలియనివాళ్లు కావలించుకుంటున్నారు. ఆ ఆనందసాగరంలో తడవని బండ ఒక్కటే, అది పెటిగ్రూ.

ఆజానుబాహుడు, పవనజవనుడు, గగనచరకందుకగ్రహణధురంధరుడు. అంటే ఆకాశమార్గాన వచ్చే బంతిని పరుగెత్తుతూ పట్టే రిసీవరు. పడుకునేటప్పుడు కూడా చేతులకు లేపనం పూసి తొడుగులు వేసుకునేవాడు. వరసగా నూట మూడు ఆటల్లో కనీసం ఒక్క బంతైనా పట్టకుండా మైదానం వీడినవాడు కాడు. ఆ నూట మూడూ ఒక గొలుసని, ఆ గొలుసే తన మెడలోని విజయహారమని అతని నమ్మకం.

అయితే ఆ ఏడు కోచ్ స్ట్రూప్ ఒక సంగతి కనిపెట్టాడు. ఓటిస్ గ్రీర్ అనే కుర్ర మల్లుడి పొట్టకు బంతి ఆనించి వదిలిపెడితే, ముగ్గురు శత్రువులను ఒంటికి వేలాడేసుకుని కూడా ముందుకు పోతాడు. ఇక బంతిని గాలిలోకి విసరడం దేనికి? విసరడం తగ్గింది, గెలవడం పెరిగింది. పెటిగ్రూకు మిగిలిన పని, ఓటిస్ దారిలో నిలబడ్డవాడిని రొమ్ము మీద చేతులు పెట్టి నెట్టడం.

బుధవారం నాడు అతను కోచ్ గదికి వెళ్లాడు. కోచ్ వేరుశనగ వెన్న రాసిన రొట్టె తింటున్నాడు.

"కూర్చో."

"నిలబడే మాట్లాడతాను కోచ్."

"సరే, నిలబడు."

పెటిగ్రూ గొంతు సవరించుకుని, మూడు రోజులుగా అద్దం ముందు సాధన చేసిన ప్రసంగాన్ని గంభీరంగా ఎత్తుకున్నాడు. "ఈ చేతులు చూడండి. ఏడేళ్లుగా ఈ ఊరి పరువు మోసిన చేతులివి. మంచులో పట్టాయి, జడివానలో పట్టాయి, ఇద్దరు మీద పడి నలుపుతుంటే ఒంటిచేత్తో పట్టాయి. ఇలాంటి చేతుల చేత మీరు జనాన్ని నెట్టిస్తున్నారు. పందెపు గుర్రాన్ని తెచ్చి గేటుకు కాపలా పెట్టారు. రేపు చరిత్ర అడుగుతుంది కోచ్, పెటిగ్రూ ఉండగా బంతి నేల మీద ఎందుకు పోయిందని."

"అయిందా?"

"ఇంకో పేరా ఉంది."

"అది శుక్రవారం చెబుదువుగాని. పదికి పది గెలిచాం, ఆ ముక్క తెలుసా నీకు?"

"తెలుసు."

"పదమూడు ఓడిపోయిన ఏడు నీకు నూటయాభై బంతులు విసిరాం. అప్పుడు బాగుందా?"

పెటిగ్రూ అబద్ధమాడేవాడు కాడు. "బాగుంది" అన్నాడు.

కోచ్ మళ్లీ రొట్టె కొరికాడు.

శనివారం అర్లీన్ పిన్ని ఇంట్లో భోజనం. అతన్ని పెంచింది ఆమే. ముప్ఫై ఏళ్లు స్కూలు బస్సు నడిపి రిటైరైంది. ఉడికించిన ఆకుకూరలోకి మొక్కజొన్న రొట్టె వేస్తూ అడిగింది.

"ఏంరా, మొహం వేలాడేశావు? ఓడిపోయారా?"

"గెలిచాం పిన్నీ."

"మళ్లీనా?"

"మళ్లీ."

"అయ్యో పాపం. ఇంకో ముక్క వేసుకో."

"నవ్వకు. రేపు ఒక్క బంతి కూడా రాకపోతే నా గొలుసు తెగిపోతుంది. నన్ను చూడ్డానికి వచ్చేవాళ్లకి ఏం చూపించాలి? నేను నెట్టడమా?"

"ముప్ఫై ఏళ్లు బస్సు నడిపాను. ఒక్కళ్లయినా నా స్టీరింగు తిప్పుడు చూడ్డానికి ఎక్కారనుకున్నావా? తిను, చల్లారిపోతోంది."

అవమానభారంతో అతను నాలుగు ముక్కలు తిన్నాడు.

ఇక యుద్ధం. ప్రతిపక్షం అక్రన్ జట్టు. మొదటి భేరీ మోగింది మొదలు పెటిగ్రూ ప్రతి ఎత్తులోనూ శరవేగంతో దూసుకుపోయి, ఎవరూ లేనిచోట నిలిచి, మునిగిపోతున్నవాడిలా రెండు చేతులూ ఊపాడు. బంతి మాత్రం ఓటిస్ పొట్టలోకే పోయింది. గుంపుగా తలలు దగ్గర పెట్టుకున్నప్పుడు, బంతి విసరవలసిన క్వార్టర్‌బ్యాక్ ఏమ్స్ కాల్డ్‌వెల్‌ను అతను నిలదీశాడు.

"ఖాళీగా ఉన్నాన్రా. నా చుట్టూ ఎకరం ఖాళీ."

"చూశాను బాసూ. పార్కులో నుంచున్నట్టున్నావు."

"మరి విసరవేం?"

"కోచ్ పరిగెత్తమన్నాడు. ఓటిస్ పరిగెత్తాడు. మనం గెలుస్తున్నాం. ఇందులో నన్ను ఎక్కడ తిట్టాలో నువ్వే చూసుకో."

ఆ మాటకు అతని కోపాగ్ని ప్రళయకాలానలమై భుగభుగలాడింది. ఆ అగ్ని ఎవరి మీదనో ఒకరి మీద పడాలి గనక, ఎదురుగా ఉన్న అక్రన్ కాపలావాడి మీద పడింది. పెటిగ్రూ అతన్ని పది గజాలు వెనక్కి నెట్టి, నీళ్ల డబ్బాల బల్ల దాకా తీసుకెళ్లి, బల్లతో సహా పడగొట్టాడు. ఆ ఖాళీలోంచి ఓటిస్ నలభై గజాలు పరుగెత్తి చివరి గీత దాటాడు. మరోమారు పెటిగ్రూ మండిపడ్డాడు, మరోమారు ఓటిస్ గీత దాటాడు. అతను పళ్లు కొరికినప్పుడల్లా గ్లేజియర్స్‌కు పాయింట్లు పడ్డాయి. తన జన్మలో అంత ఘనంగా అతను ఎన్నడూ ఆడలేదు. ఆ సంగతి అరవైవేల మందికీ తెలిసింది, అతనికి తప్ప.

మూడో భాగంలో ఒక్క బంతి, ఒకే ఒక్కటి, అతని కోసం ఆకాశాన లేచింది. పెటిగ్రూ గరుడునిలా ఎగిరాడు. సరోవరపు గాలి దాన్ని అతని వేళ్ల మీదుగా తప్పించి, మైదానం అంచున కూర్చున్న వాద్యబృందంలో ట్రాంబోను ఊదేవాడి ఒళ్లో వేసింది. ఆ వాద్యగాడు రెండు చేతులతో పదిలంగా పట్టుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

స్కోరు ముప్ఫై ఒకటికి సున్నా. రెండు నిమిషాలు మిగిలాయి. పెటిగ్రూ తల మీద తువ్వాలు కప్పుకుని బల్ల మీద కూర్చున్నాడు. కోచ్ స్ట్రూప్ ఆ తువ్వాలును చూసి నిట్టూర్చాడు.

"ఏమ్స్, వాడికొకటి ఇవ్వు."

"ఎంత దూరం కోచ్?"

"చేతికందించినంత దూరం. జారవిడిచావంటే వారమంతా నా ప్రాణం తీస్తాడు."

తువ్వాలు గాలికెగిరింది. వీరుడు లేచాడు. ఏమ్స్ వెన్నముద్ద అందించినట్టు పక్కకు ఒక చిన్న విసురు విసిరాడు. పెటిగ్రూ పట్టాడు. పట్టి, రొమ్ముకు హత్తుకుని, సింహనాదం చేయబోతూ తిరిగేసరికి తడిగడ్డి మీద కాలు జారి, ఏ శత్రువూ తాకకుండానే, ఆ ఎత్తు మొదలైన చోటికి ఒక గజం వెనక పడిపోయాడు. అయితేనేం, బంతి చేతిలోనే ఉంది. అతను దాన్ని పైకెత్తి నాలుగు దిక్కులకూ చూపించాడు. అప్పుడే పెద్ద తెర మీద అక్షరాలు వెలిగాయి: "పెటిగ్రూ. పరుగు. మైనస్ ఒక గజం."

పరుగట. విసిరిన బంతి ముందుకు పోతేనే క్యాచ్, వెనక్కి పోతే అది వట్టి పరుగు. శాస్త్రం అలా ఉంది.

ఆట ముగిసింది. గ్లేజియర్స్ విభాగానికి ఏలికలయ్యారు. మైదానమంతా రంగుకాగితాల వర్షం. ఆ వర్షంలోంచి పెటిగ్రూ మేకుల బూట్లతోనే బయటికి పరుగెత్తి, మెట్లు ఒక్కొక్కటీ మోగిస్తూ అయిదంతస్తులు ఎక్కి, ఆట వివరాలు రాసే గదిలోకి రొప్పుతూ చొరబడ్డాడు. అక్కడ డెబ్భైరెండేళ్ల హూబర్ టీచరమ్మ, లెక్కల పంతులమ్మగా రిటైరై ఆ పని చేస్తున్న ఆవిడ, పెన్సిలు చెక్కుకుంటోంది.

"అది క్యాచ్ మేడమ్."

"బూట్లు విప్పి రా బాబూ, తివాచీ."

అతను బూట్లు విప్పి వచ్చాడు. "అది ముందుకు పోయింది. నేను పట్టినవాణ్ణి, నాకు తెలీదా?"

"నువ్వు జారి పడ్డవాడివి కూడా. అది నీకు ముందే తెలిసిందా?"

"మీకు దణ్ణం పెడతాను. ఒక్కసారి వీడియో చూడండి."

ఆవిడ చూసింది. మళ్లీ చూసింది. బొమ్మను నిలిపి, తెర మీద స్కేలు పెట్టి, కళ్లద్దాలు మార్చి, ఇంకోమారు చూసింది. అక్రన్ యోధులంతా కలిసి వణికించలేని పెటిగ్రూను ఆ అరగజం స్కేలు వణికించింది. కింద బ్యాండు మోగుతోంది, కేకలు వినిపిస్తున్నాయి. అతను సాక్సులతో నిలబడ్డాడు.

"బొటనవేలెడు ముందుకు పోయింది" అంది ఆవిడ చివరికి, తన లెక్క తప్పినందుకు చిన్నబుచ్చుకుంటూ. "దిద్దుతాను. కానీ బాబూ, గజం మాత్రం పోయినట్టే. అది నేనేం చెయ్యలేను."

"గజం ఉంచుకోండి మేడమ్" అన్నాడు పెటిగ్రూ, రాజ్యదానం చేస్తున్నవాడిలా.

దిద్దిన కాగితం చేతబట్టుకుని అతను దిగివచ్చేసరికి మైదానంలో కుర్చీలు మడుస్తున్నారు. ఓటిస్ ఒక్కడే అతని కోసం ఆగి ఉన్నాడు.

"ఎక్కడికి పోయావన్నా? జట్టు ఫోటో తీసేశారు. నీ కోసం పావుగంట చూశాం. ఇవాళ నేను గీత దాటిన మూడుసార్లూ నీ వెనకాలే పరిగెత్తి దాటాను. ఆ మాట పేపరోళ్లకి కూడా చెప్పా."

"నా క్యాచ్ చూశావా?" అన్నాడు పెటిగ్రూ.

"బాగా పట్టావన్నా" అని ఓటిస్ అతని భుజం తట్టి వెళ్లిపోయాడు.

గేటు దగ్గర అర్లీన్ పిన్ని అతని కోటు పట్టుకుని నిలబడి ఉంది. అతను కాగితం ఇచ్చాడు. ఆమె దూరంగా పెట్టి చదివింది.

"క్యాచ్, ఒకటి. మైనస్ ఒక గజం. అంటే ఏంట్రా?"

"అంటే నూట నాలుగు, పిన్నీ."

"వెనక్కి పోయావని కూడా రాసుంది."

"అది చిన్నక్షరాల్లో ఉంది."

ఆమె అతనికి కోటు తొడిగి, మెడ దగ్గర బొత్తాం పెట్టింది.

కనుక సమస్తజనులారా, ఊరు తన జెండాలతో ఊరేగుతుండగా ఎవరూ గమనించని ఈ ఘనకార్యాన్ని మీరైనా ఎరగండి. ఆ హేమంతాన, ఆ సరోవరతీరాన, వేలాదిమంది చూస్తుండగా, శత్రువు లేనిచోట నేలకొరిగి, ఉన్న గజాన్ని పోగొట్టుకుని, తన జట్టు ఫోటోలో లేకుండాపోయి, జవారిస్ పెటిగ్రూ బొటనవేలెడు తేడాతో జయించాడు.