రఫూ చేసిన పడవ

ఆదివారం ఉదయం ఎనిమిదింటికి పడవను నీళ్లలోకి దించడం, తొమ్మిదింటికి భార్యను అందులో కూర్చోబెట్టి ఏరంతా తిప్పడం, పదకొండింటికల్లా కనీసం ఒక్క చేపతో ఇల్లు చేరడం. దర్జీ వేసుకున్న పథకం ఇది. దుకాణం కిటికీలోంచి ఆ ఉప్పుటేటినే చూస్తూ పద్దెనిమిదేళ్లుగా మిషను తొక్కుతున్నాడు. చేతులు జనం చొక్కాల మీద ఉన్నా మనసెప్పుడూ నీళ్ల మీదే ఉండేది. ఇన్నాళ్లకు సొంత పడవ వచ్చింది. అదీ ఫైబరు పడవ, పద్నాలుగు అడుగులది. ఆ వారమంతా అతని కాళ్లు నేల మీద ఆనలేదు.

అయితే భార్య ఒక షరతు పెట్టింది. ఆవిడకు ఈత రాదు. "మొదటిరోజు నేనూ ఎక్కుతాను. లోపల ఒక్క చుక్క నీరు కనబడిందా, సాయంత్రానికల్లా పడవ అమ్మినావిడ దగ్గరికి వెళ్లిపోవాలి. అప్పుడు నాతో వాదించకూడదు," అంది. పడవ అమ్మిన జాలరి పెద్దమ్మ కూడా వారంలోపు నచ్చకపోతే వెనక్కి తీసుకుంటానని మాటిచ్చింది. కాబట్టి పడవ ఉంటుందో పోతుందో ఆ ఒక్క ఆదివారం మీదే ఆధారపడింది.

ఎంపికలో మాత్రం దర్జీని వేలెత్తి చూపడానికి లేదు. రేవులో మూడు పడవలు అమ్మకానికి ఉంటే, జనమంతా మెరిసిపోతున్న మొదటిదాని చుట్టూ మూగారు. దర్జీ పైమెరుగు చూసి మోసపోయే రకం కాదు. వంగి లోపలి అంచులు తడిమాడు. కొత్త రంగు కింద ఫైబరు గుడ్డ పొరలు పొరలుగా లేచిపోయి ఉంది. రెండోదాంట్లో కాలు పెడితే అడుగు మెత్తగా దిగింది. మూడోది వెలిసిపోయింది, చెయ్యి వేస్తే సున్నంలాంటి పొడి అంటుకుంది. కానీ వేలికి తొడుక్కున్న ఇనుప తొడుగుతో ముందు నుంచి వెనక దాకా కొట్టుకుంటూ పోతే ఎక్కడా మోత మారలేదు.

"రంగు పోయింది గానీ గుడ్డ గట్టిది," అన్నాడు దర్జీ.

పెద్దమ్మ అతని వంక గౌరవంగా చూసింది. ఇంత తెలిసినవాడికి మళ్లీ వేరే చెప్పడం ఎందుకనుకుందో ఏమో, తాడూ తెడ్డూ ఇచ్చి, చివరగా అరచేతిలో ఒక నల్లటి రబ్బరు బిళ్ల పెట్టి, "ఇది జాగ్రత్తయ్యా, పారేసుకోకు," అని మాత్రం అంది.

దర్జీకి ఆ మాట కొత్త కాదు. కోటు కుట్టించుకున్న ప్రతి మనిషి చేతిలోనూ అదనపు గుండీ పెట్టి తనూ అదే చెబుతాడు. ఇదీ అలాంటిదే అనుకుని, ఇంటికి వెళ్లగానే దాన్ని గుండీల డబ్బాలో పడేశాడు.

మర్నాడు పడవను కడుగుతుంటే వెనక గోడకు, అడుగు అంచున, కోటు గుండీ అంత కన్నం కనిపించింది. దర్జీ వేలు దూర్చి చూశాడు. ఒక్క చుక్క అంది భార్య. ఇందులోంచి బిందెలు బిందెలు వస్తాయి. కాసేపటికి ధైర్యం తెచ్చుకున్నాడు. ఫైబరు అంటే ఎంతైనా గుడ్డే కదా. చిరుగు ఆనవాలు తెలియకుండా రఫూ చేయడంలో ఆ ఊళ్లో తనను మించినవాడు లేడు. ఫైబరు గుడ్డను గుండ్రటి ముక్కలుగా కత్తిరించి, రెజిన్ జిగురులో తడిపి, లోపలా బయటా పొర మీద పొర వేశాడు. ఆరాక గరుకు కాగితంతో అరగదీసి, రంగుకు రంగు కలిపాడు. అంతా అయ్యాక అతుకు ఎక్కడుందో తనే వెతుక్కోవలసి వచ్చింది. అంత గొప్ప రఫూ చేసి కూడా భార్యకు చూపించుకోలేకపోవడమే అతనికి బాధగా ఉంది.

శనివారం సాయంత్రం ఇంకో ముచ్చట పుట్టింది. పడవ మీద కప్పే తొడుగుకు నీలం అంచు కుడితే అందంగా ఉంటుందని దాన్ని ఇంట్లోకి తీసుకెళ్లాడు. ఆ రాత్రి కుంభవృష్టి కురిసింది. కప్పు మీది నీళ్లు దిగే గొట్టం సరిగ్గా పడవ నెత్తిన ఉంది.

తెల్లారి వాకిట్లోకి వచ్చిన దర్జీకి, చక్రాల బండి మీది పడవలో తెడ్డు తేలుతూ కనిపించింది. వంటింట్లో భార్య కూనిరాగం తీస్తూ గిన్నెలు తోముతోంది. నెల రోజులుగా నీళ్లు నిలవని సింకు ఆ వారమే దారికి వచ్చిందని ఆవిడ మహా హుషారుగా ఉంది. ఆవిడ బయటికి వచ్చేలోపు పడవ ఖాళీ కావాలి. దర్జీ బావమరిదికి ఫోను చేశాడు. అతను వ్యాను డ్రైవరు, బుర్ర కంటే చెయ్యి ముందు కదిలే మనిషి.

"మీ అక్కకి వినబడకుండా తోడెయ్యాలిరా," అన్నాడు దర్జీ గుసగుసగా.

"చెంబుతో తోడితే మధ్యాహ్నమవుతుంది బావా. వెనక్కి ఒంచేస్తే క్షణంలో పోతాయి," అంటూ బావమరిది పడవలోకి ఎక్కేశాడు.

అప్పుడే పక్కింటి రిటైర్డు పోస్టుమాస్టరు గోడ మీంచి తొంగిచూశాడు. "పడవ కారుతోందన్నమాట," అన్నాడు.

"మాస్టారూ, పడవ నేల మీద ఉందండీ," అన్నాడు దర్జీ.

"నేల మీదే ఇన్ని నీళ్లొస్తే ఇక ఏట్లో సంగతేంటయ్యా?" అని పోస్టుమాస్టరు వీధిలోకి బయల్దేరాడు. నాలుగు గడపలు దాటేసరికి ఆ వార్త, దర్జీ చిల్లు పడవలో పెళ్లాన్ని ఎక్కిస్తున్నాడనే దాకా పెరిగింది.

ఇక్కడ బావమరిది వెనక్కి వెళ్లి గట్టిగా ఒత్తాడు. పడవ ఒరగలేదు. "చక్రాలు కదలకుండా పట్టేస్తున్నాయి బావా. కింద అడ్డుపెట్టిన ఆ ఇటుకలు తియ్యి," అన్నాడు. దర్జీ తీశాడు. పడవ అప్పుడూ ఒరగలేదు గానీ, బండి మాత్రం గేటు దాటింది.

వీధి ఏటి దాకా ఏకంగా పల్లమే. దర్జీ తాడు పట్టుకుని లాగబోయి, పట్టు తప్పి, వెనకాల పరిగెత్తాడు. పడవలో నీళ్లు ముందుకీ వెనక్కీ పొర్లుతుంటే బావమరిది దొరికిందల్లా పట్టుకుంటూ పోయాడు. దొరికింది ఎవరిదో దండెం మీది తెల్లటి కర్టెను ఒకటే. అది గాలికి నిండుగా ఉబ్బింది. "తెరచాప కూడా పెట్టాడు," అన్నారు అరుగుల మీద కూర్చున్నవాళ్లు. పోస్టుమాస్టరు ఒక్క గెంతులో పక్కకు తప్పుకుని, తర్వాత అందరికంటే ముందు రేవుకు చేరాడు.

బండి రేవు ఏటవాలు మీంచి సూటిగా నీళ్లలోకి దిగింది. పడవ దాని మీంచి తేలి, ఒక ఊగు ఊగి, నిలబడింది. సీట్ల కింద గాలి అరలు ఉండబట్టి మునగలేదు. నీళ్ల మీద తన పడవ. అంత ఆయాసంలోనూ దర్జీకి కళ్లనీళ్లు తిరిగాయి.

ఇంతలో భార్య వచ్చింది. చేతులకు సబ్బు నురగ అలాగే ఉంది. పడవలో మోకాలి లోతు నీళ్ల మధ్య కర్టెను కప్పుకుని నిలబడ్డ తమ్ముణ్ణి, ఆ తర్వాత మొగుణ్ణి చూసింది.

"అందులో ఎన్ని చుక్కలుంటాయంటారు?" అని అడిగింది.

"అవి వాన నీళ్లు," అన్నాడు దర్జీ.

"కారుతోందమ్మా, పొద్దుటే నా కళ్లతో చూశాను," అన్నాడు పోస్టుమాస్టరు.

పద్దెనిమిదేళ్ల కోరిక సాయంత్రానికి చేజారిపోతుందని దర్జీకి నిజంగానే ఏడుపొచ్చింది. అప్పుడు వలలు విప్పుకుంటున్న జాలరి పెద్దమ్మ లేచి, నడుం లోతు దాకా నడిచి వెళ్లి, పడవలోంచి దోసెడు నీళ్లు తీసి నోట్లో పోసుకుంది.

"చప్పగా ఉన్నాయి. ఇది ఉప్పుటేరు కదమ్మా, దీని నీళ్లు ఒక్క గుక్కెడు కలిసినా నాలిక్కి తెలిసిపోతుంది."

పోస్టుమాస్టరు నమ్మలేదు. పడవ నీళ్లు చప్పరించాడు, ఏటి నీళ్లు చప్పరించాడు, మొహం వికారంగా పెట్టి ఉమ్మేశాడు. ఆ సాక్ష్యమే సరిపోయింది. భార్య కూడా ఒక వేలు ముంచి నాలుకకు రాసుకుంది. "అయితే ఇన్ని నీళ్లున్నా బయటికి కూడా ఒక్క చుక్క పోలేదన్నమాట," అంది మెల్లగా. "సరే, ఉంచుకోండి."

దర్జీకి ప్రాణం లేచొచ్చింది. పెద్దమ్మ మాత్రం పడవ వెనక గోడను తడిమి చూస్తోంది.

"బిరడా పెట్టే కన్నం ఏదయ్యా?"

"రఫూ చేశానండీ. ఆనవాలు కూడా దొరకదు," అన్నాడు దర్జీ, ఎట్టకేలకు చెప్పుకునే అవకాశం వచ్చినందుకు పొంగిపోతూ.

"వాన నీళ్లు పోవడానికే ఆ కన్నం. గట్టున ఉన్నప్పుడు బిరడా తియ్యాలి, నీళ్లలోకి దించేముందు పెట్టాలి. ఏ పడవకైనా అంతే. నేనిచ్చిన రబ్బరు బిళ్ల ఏం చేశావు?"

ఒడ్డున ఉన్నవాళ్లు ఒక్కసారిగా నవ్వారు. అందరికంటే గట్టిగా బావమరిది నవ్వాడు. "గుండీల డబ్బాలో భద్రంగా ఉంది," అన్నాడు దర్జీ తలొంచుకుని.

"అక్కడ లేదు," అంది భార్య. ఆవిడ ఏటికి అవతలి ఒడ్డు వైపు దీక్షగా చూస్తోంది. "గుండీ కోసం డబ్బా వెతుకుతుంటే కనబడింది. సింకుకి అచ్చంగా సరిపోయింది. మీకు అక్కర్లేదేమో అనుకున్నా."

కన్నం కనిపించినప్పుడు బిళ్ల డబ్బాలో ఉన్నా తను దాన్ని గుర్తుపట్టేవాడు కాదని దర్జీకి తెలుసు. ఆ సంగతి మాత్రం అతను పైకి అనలేదు. "ఇంత పెద్ద పొరపాటు చేసి, నాకు షరతులు పెట్టావా?" అన్నాడు, చాలా ఏళ్లకు దొరికిన గెలుపును నెమ్మదిగా అనుభవిస్తూ. ఆవిడ చెప్పులు విడిచి పడవ ఎక్కి, చెంబు అందుకుని నీళ్లు తోడడం మొదలుపెట్టింది. పదకొండింటికి చేప పడలేదు గానీ, పన్నెండున్నరకు ఆవిడే ఒకటి పట్టింది.

ఆ సాయంత్రం దర్జీ తన జీవితంలోకెల్లా గొప్ప రఫూకి డ్రిల్లుతో కన్నం పెట్టాడు. బిరడా ఇప్పుడు వారంలో ఆరు రోజులు సింకులోనూ, ఆదివారం పడవలోనూ ఉంటుంది, ఆదివారం గిన్నెలన్నీ ఎవరు బిరడా తీసుకెళ్తే వాళ్లే తోమాలి.