ఓపల్ కాడిల్ కోటు తొడిగిన వైనము

నిఖిల శిశునాసికా పరిమార్జన ధురంధరములైన కాగితపు రుమాళ్లకు ముందుగా మ్రొక్కి, జిగురు సీసాలను, విరిగిన రంగుబలపములను భక్తితో తలచి, కెంటకీ పర్వతసీమ హిమధవళితమైన ఫిబ్రవరి మాసమున, బ్రష్ ఫోర్క్ కౌంటీ సర్కారు బడిలో, నాలుగేండ్ల వీరులు చదువు శిశుతరగతి గదియందు, మధ్యాహ్న భోజనానంతరమున జరిగిన మహాసంగ్రామమును చెప్పుచున్నాను. చెవులొగ్గి వినుడు. ముక్కు కారుచున్నవారు తుడుచుకొని మరీ వినుడు.

ఆ కౌంటీ బళ్లనేలు పాఠశాలామండలివారు కొండకు ఆవలి పట్టణమున వెచ్చని గదిలో కూర్చుండి, మొక్కై వంగనిది మానై వంగదని తలంచి, పాలపండ్లు ఊడని పసివారికి సైతము పరీక్షలు పెట్టించి, బడిబడికి నక్షత్రములు పంచుచుండిరి. మూడు నక్షత్రములు రాని శిశుతరగతిని ఎత్తివేసి, పిల్లలను పట్టణపు బడిలో కలిపివేయుదురట. అనగా ఆ పసికూనలు చీకటితో లేచి, పసుపు బస్సెక్కి, కొండదారి మలుపు మలుపునకు తిన్నది కక్కుకొనుచు పోవలెను. బడిని బాగుచేయుటకు బడినే మూయు ఆ బుద్ధివైభవమును ఏమని పొగడుదును! తలనొప్పికి తల తీసెడి వైద్యులు వారు. నాకు ఒళ్లు మండును.

ఈ విపత్తును తలచి కంటికి కునుకు లేకున్న ఆచార్యురాలు వర్లీన్ స్టాంపర్. ఊరందరికీ మిస్ వర్లీన్. ఆమె ఎదుట, పిల్లల కుర్చీలో, మోకాళ్లు గడ్డమునకు తగులునట్లు ఇరుక్కొని కూర్చున్నవాడు మండలి పంపిన పరీక్షకుడు క్లేబోర్న్. ఉదయము మొదలు పిల్లలు రంగుల పేర్లు చెప్పిరి, వరుసలో నిలిచిరి, చేతులు కడిగిరి. థాడ్ అను వీరుడొకడు సబ్బు కొరికెను గాని, పరీక్షకుడు చూడలేదు. మూడవ నక్షత్రమునకు ఇంకొక్క మార్కే కొరత. మిగిలినది స్వయంకవచధారణ పరీక్ష: ఆటస్థలమునకు పోవుటకు ముందు ప్రతి శిశువును, పెద్దల చెయ్యి సోకకుండ, తన కోటు తాను తొడిగి జిప్పు పెట్టుకొనవలెను. ఒక్కరు తప్పినను మార్కు లేదు.

"టోపీ కాళ్ల దగ్గర!" అని మిస్ వర్లీన్ రణనినాదము చేసెను. అంతట ఆ బాలయోధులందరు తమ తమ కోట్లను నేలపై వెల్లకిల పరచి, కోటు మెడకు కుట్టిన టోపీ పాదములకు తగులునట్లు నిలిచి, వంగి, చేతులు దూర్చి, గభాలున తలమీదుగా వెనుకకు విసిరి, క్షణములో కవచధారులై ద్వారమున వ్యూహము పన్నిరి. ఓపల్ కాడిల్ తప్ప. ఆమె కవచము అన్న విడిచిన లేళ్లవేట కోటు, మోకాళ్లు దాటునది. ఆ హడావుడిలో టోపీని అవతలికొసన పెట్టి విసిరెను. కోటు తలకిందులై, టోపీ వెనుక బొక్కెనవలె వ్రేలాడెను.

"ఒసేయ్ ఓపల్, టోపీ నీ పిర్రల మీదుందే! కూర్చుంటే వెచ్చగా ఉంటుందిలే!" అని థాడ్ పకపక నవ్వెను.

"నోర్ముయ్‌రా సబ్బుతిండిగాడా!"

మిస్ వర్లీన్ కుడిచెయ్యి తనంత తాను ముందునకు సాగెను. పరీక్షకుడు దగ్గెను.

"చెయ్యి తగిలితే మార్కు పోతుందండీ. నన్నేం చెయ్యమంటారు, రూలు అది."

"తెలుసండీ. దీని వాళ్లమ్మకి ఇదే గదిలో నేనే జిప్పు పెట్టేదాన్ని. అప్పుడెవరూ దగ్గలేదు." ఇట్లని ఆమె రెండు చేతులను జేబులలో బంధించెను.

అప్పుడు ఓపల్ కోటు విప్పి నేలకు కొట్టి, సభనెల్ల కలయజూచి, సింహగర్జనము చేసెను. "ఎవ్వరూ ముట్టుకోవద్దు! నేనే! కాడిల్ వాళ్లు ఎవర్నీ అడగరని మా మామ్మ చెప్పింది!"

పిమ్మట ఆ వీరబాల, కోటును మరల వెల్లకిల పరచి, దానిని తిప్పుటకు మారుగా తానే దాని చుట్టు నడచి, టోపీకొసన నిలిచి, వంగి, విసిరెను. టోపీ మెడపై వాలెను. ఇక మిగిలినది జిప్పు. ఆ దుష్టదంతపంక్తి అన్న చేతిలోనే సగము చెడినది. ఒక అంచు కొనను రెండవ అంచు గూటిలో దింపబోవును, అది జారును. నాలుక బయటపెట్టి మరల దింపబోవును, మరల జారును. ద్వారవ్యూహము ఉక్కతో తల్లడిల్లెను.

"మిస్ వర్లీన్, నాకు చెమటలు పడుతున్నాయి!"

"ఓర్చుకోరా నాన్నా. నాకూ పడుతున్నాయి."

పరీక్షకుడు గడియారము చూచెను. అంతలో కొన గూటిలో టక్కున దిగెను! ఓపల్ రెండు చేతులతో పట్టి లాగెను. నాభిని దాటి, రొమ్మును దాటి, జిర్రుమని జిప్పు గడ్డమునకెక్కెను.

"అయిపోయింది! మా మామ్మకి ఫోన్ చెయ్యండి!"

క్లేబోర్న్ కలము తీసి మార్కు వేసెను.

"ఇప్పుడు ముట్టుకోవచ్చాండీ?" అని మిస్ వర్లీన్ అడిగెను.

"ఇప్పుడు మీ ఇష్టం."

ఆమె పరుగున వచ్చి ఓపల్‌ను ఎత్తి గట్టిగా కౌగిలించెను. ఆ కౌగిలి ధాటికి జిప్పు పైనుండి క్రిందిదాక పర్రుమని విచ్చిపోయెను. పరీక్షకుడు కిటికీలోని మంచును శ్రద్ధగా పరిశీలించెను.

"ఇంకుతో రాసేశానండీ. ఇంక దిద్దడం కుదరదు."

జయము, జయము! ఒక్క మార్కుతో మూడవ నక్షత్రము ఉదయించెను, బ్రష్ ఫోర్క్ శిశుతరగతి ఈ యేటికి నిలిచెను! వీరులందరు కేకలతో మంచుపైకి దండెత్తి పోయిరి. మిస్ వర్లీన్ మాత్రము గుమ్మమున మోకాళ్లపై కూర్చుండి, ఓపల్ కోటు జిప్పును తన చేతులార గడ్డముదాక పెట్టి, ఆ పిల్ల "నేనే" అని గింజుకొనుచున్నను విడువక, కొంతసేపు ఏడ్చెను.