రాదు అనకూడని బడి

భద్రాచలం అడవి అంచున ఉన్న ఒక కోయగూడెం బడిలో ‘రాదు’ అనే మాటను నిషేధించడమైనదని ఇందుమూలంగా తెలియజేస్తున్నాం. గ్రోత్ మైండ్‌సెట్, అనగా ఎదిగే మనస్తత్వం మీద ఖమ్మంలో శిక్షణ పొందివచ్చిన హెడ్మాస్టరు వీరేందర్ సారు, వచ్చీ రాగానే గోడకు సున్నం కొట్టించి, ‘నేర్చుకుంటే రానిది లేదు, రాదు అనుటయే తప్పు’ అని ఎర్రరంగుతో రాయించారు.

తప్పులు చేసేవాడే ఎదుగుతాడని శిక్షణలో చెప్పారు. అందుచేత తప్పు చెప్పినవారికి బడంతా చప్పట్లు కొట్టాలని సారు ఆజ్ఞాపించారు. పిల్లలు గడుగ్గాయిలు. రెండూ రెండూ ఏడని ఒకడంటే తొమ్మిదని మరొకడు, పోటీలు పడి ఎదగసాగారు. నాలుగని చెప్పిన పిల్ల ఒకతి చప్పట్లు దక్కక ఏడ్చింది. తనిఖీకి వచ్చిన అధికారి ఈ పురోగతికి ముగ్ధుడై, పురస్కారానికి సారు పేరు పంపాడు. సారు ఆ రోజు నుంచే శాలువా కలలు కనడం మొదలుపెట్టారు.

ఎటొచ్చీ ఒకటో తరగతి సుక్కి మాత్రం ఎదగలేదు. కోయమాట తప్ప మరొకటి ఎరగని పిల్ల. సారు ఎదుగుదల గురించి తెలుగులో దంచుతుంటే, ఆయన పెదవులకేసి చూస్తూ కూర్చునేది. తప్పు చెప్పాలన్నా ప్రశ్న అర్థం కావాలి కదా. సారు మాత్రం, దీనిది ఎదగని మనస్తత్వమని తేల్చేశారు.

ఒకనాడు దాని తండ్రి జంపయ్య బడికొచ్చాడు. మిరప కోతలకు ముసలి అవ్వ తప్ప ఇంటిల్లిపాదీ ఖమ్మం వైపు పోతున్నారు. పిల్లను బడిలో ఉంచాలా, చేలకు తీసుకుపోవాలా అన్నది అతని బెంగ.

“సారూ, బిడ్డకు మీ మాట ఎక్కుతలేదు. మా మాట నాలుగు ముక్కలు మీరే నేర్చుకోండ్రి. మా అవ్వ నేర్పుతది. అట్లయితే పిల్లను అవ్వ కాడనే ఉంచిపోత.”

ఏళ్ల తరబడి అదే గూడెంలో ఉద్యోగం వెలగబెడుతున్న సారు, ఎర్ర అక్షరాల గోడకు ఆనుకుని నవ్వారు.

“ఏంది జంపయ్యా, ఈ వయసుల నాకు మీ మాట ఏం వస్తది? రాదంటే రాదు.”

తరగతిలో పిల్లలు ఆజ్ఞ ప్రకారం చప్పట్లు కొట్టారు. జంపయ్య పిల్లను చేలకు తీసుకుపోయాడు.

మిరప చేలలో కూలికొచ్చిన ఆడవాళ్ల ముచ్చట్ల మధ్య సుక్కికి తెలుగు పట్టుబడింది. పురస్కారం అందుకోవడానికి పోతూ సారు దారిలో టీకి కారు ఆపితే, పక్క చేలోంచి సుక్కి గంపతో వచ్చి, “బాగున్నరా సారూ” అని పలకరించింది. సారు పరవశించిపోయారు. ఆ పరవశం పురస్కార సభలో ఉపన్యాసం దాకా నిలిచింది.

“నోరు విప్పని మా విద్యార్థిని నేడు గలగలా తెలుగు మాట్లాడుచున్నది. ఇది గ్రోత్ మైండ్‌సెట్ సాధించిన విజయమని సవినయంగా మనవి చేస్తున్నాను.”

హాలు చప్పట్లతో మారుమోగింది. ఆ పిల్ల ఇప్పుడెక్కడుందని ఎవరూ అడగలేదు. మనమూ అక్కడే ఉన్నాం కదా, మనమూ అడగలేదు. భోజనాల దగ్గర పచ్చడి నాలిక్కి రాసుకుని, ఈ ఏటి కొత్త కారం భలే ఘాటుగా ఉందని మాత్రం మెచ్చుకున్నాం.