ఆగే లారీయే అసలైన లారీ

మీ లారీ ఎక్కడా ఆగకుండా నడుస్తోందా? అయితే మీ మీద నాకు జాలిగా ఉంది.

నాది ఆగుతుంది. ముప్పై ఒక్క ఏళ్ల బండి. బయల్దేరిన ముప్పావు గంటకి, చెప్పాపెట్టకుండా, నడిరోడ్డు మీద ఆగుతుంది. రెండుసార్లు దగ్గుతుంది, ఒకసారి వణుకుతుంది, ఇక నా వల్ల కాదన్నట్టు ఊరుకుంటుంది. పది నెలలు ఇదే వరస. ఈ పది నెలల్లో తెలుసుకున్నది అంతకుముందు అరవై ఆరేళ్లలో తెలుసుకోలేదు. అందుకే కలం పట్టాను. ఆగే లారీని మించిన వరం లేదని రుజువు చేస్తాను.

మొదటిది పలకరింపు. ఒంటరి మనిషిని. బండి సాఫీగా పోతున్నప్పుడు నా వైపు చూసే నాథుడు లేడు. అదే ఆగిందా, వెనకాల నలభై బళ్లు! నలభై హారన్లు! కొందరైతే పనిగట్టుకుని దిగి వచ్చి మా అమ్మనీ నాన్ననీ కూడా తలుచుకుంటారు. వాళ్లు పోయి చాలా కాలమైందయ్యా అని చెప్పబోతే వినరు. ఇంత ఆప్యాయత ఆగని లారీ వాళ్లకి దొరుకుతుందా?

రెండోది విద్య. మన మధ్య ఇంతమంది ఇంజను పండితులు తిరుగుతున్నారని మీకు తెలుసా? చెప్పులు కుట్టే ఆయన "డీజిల్లో నీళ్లున్నాయి" అన్నాడు. బ్యాంకు గుమాస్తా "బ్యాటరీ" అన్నాడు. మంగలి షాపాయన గడ్డం సగం గీసి, సబ్బు నురగ చేత్తోనే పరిగెత్తుకొచ్చి, "వేడి చేసిందండీ, దానికీ మీకూ కూడా" అన్నాడు. సగం గడ్డం మనిషీ వెనకే వచ్చి ఔనన్నాడు. ఒక ఫోటోగ్రాఫరు రిపేరు వీడియో ఒకటి ఫోన్‌లో పెట్టి చూపించాడు. చూస్తే అందులో ఆగింది ట్రాక్టరు.

"ఏదైతేనేం బాబాయ్, ఇంజను ఇంజనే కదా!" అన్నాడు.

నవ్వకండి. వీళ్లందరి వైద్యమూ పని చేసింది!

నా పద్ధతి ఇది. బండి ఆగగానే దిగుతాను. డీజిల్ ముల్లు చచ్చిపోయి చాలా ఏళ్లయింది. కాబట్టి ట్యాంకు మూత తీసి, లోపల పుల్ల ముంచి చూసి, డీజిల్ ఉందని నమ్మకం కుదిరాక మూత బిగిస్తాను. ఈలోగా పండితుల్లో ఎవరో ఒకరు తమ పని కానిచ్చేస్తారు. చెప్పులాయన సుత్తితో ఫిల్టరు మీద రెండు తట్టాడు. స్టార్టయింది! గుమాస్తా బ్యాటరీ తీగ అటూ ఇటూ కదిపాడు. స్టార్టయింది! సంచి మోసుకుంటూ పోతున్న ఒక ముసలమ్మ బానెట్ మీద చెయ్యి వేసి "లే నాయనా, నా బంగారం కదూ" అంది. అప్పుడూ స్టార్టయింది. ఆ తరవాత ఆ వీధిలో ఆవిడ నడక మారిపోయింది. జ్వరం వచ్చిన పిల్లల్ని కూడా ఆవిడ దగ్గరికి తీసుకెళ్తున్నారని విన్నాను.

ఇక మెకానిక్కులు. మా మెకానిక్కు మా ఆవిడకి తమ్ముడి వరస. నేను బండి దిగకముందే రోగం తేల్చేశాడు.

"ఇంజెక్టర్లు, బావా."

"ఎలా తెలిసింది?"

"నీ మొహం చూస్తే తెలీదూ?"

ఇంజెక్టర్లు మార్చాడు. తన షెడ్డులోనే పది నిమిషాలు నడిపి, "గుర్రం బావా, గుర్రం!" అన్నాడు. ఆ గుర్రం రైలు గేటు దగ్గర పడుకుంది. మళ్లీ వెళ్తే పంపు అన్నాడు. పంపు మార్చాక పైపులన్నాడు. పైపులు మార్చాక ఫిల్టరన్నాడు. చివరికి బండిలో మార్చనిది నన్నొక్కణ్ణే. ఆ సలహా మా కోడలు ఇచ్చింది.

ఇంకో షెడ్డుకి వెళ్లాను. అక్కడి మెకానిక్కు ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో కంప్యూటరు పట్టుకుని వచ్చాడు. దాని తీగ గుచ్చడానికి స్టీరింగు కింద వెతికాడు, సీటు వెనక వెతికాడు, అరగంట వెతికాడు.

"దీనికి ప్లగ్గు ఎక్కడుందండీ?"

"లేదు నాయనా. కంప్యూటర్లు లారీలెక్కకముందు పుట్టిన బండి."

"అయితే కొంచెం కొత్త లారీ తెచ్చుకోండి. దాంట్లో తప్పేంటో వెంటనే చెప్పేస్తాను."

అన్నిటికంటే పెద్ద లాభం కుటుంబ ఐక్యత. పోయిన నెల ఇటుకల లోడుతో వంతెన ఎక్కుతుంటే ఆగింది. స్టీరింగు బిగుసుకుంది. బండి వెనక్కి జారింది. వెనక స్కూలు ఆటో ఉంది. మూరెడు దూరంలో బ్రేకు పట్టింది. ఆ ఆటోలోని పిల్లలు నాకు టాటా చెప్పారు. వాళ్లకేం తెలుసు?

ఆ సాయంత్రం మా వాడు అరుస్తాడనుకున్నాను. అరవలేదు. దాంతో భయమేసింది.

"నాన్నా, ఇంకొక్కసారి ఆగిందంటే తూకానికి ఇచ్చేస్తున్నా. పాత ఇనుమాయనతో మాట్లాడేశాను. ఇక నువ్వు ఇంట్లో కూర్చో."

"ఇంట్లో ఏం చెయ్యాలిరా?"

"కూర్చోవడమే."

మా ఇంటి కుర్చీలు నాకు తెలుసు. అన్నీ టీవీ వైపే తిరిగి ఉంటాయి. లారీలో రెండే సీట్లు. నాది చిరిగిపోయింది. రెండోదానికి మా ఆవిడ పాత దుప్పటితో కుట్టిన పూల కవరు ఉంది. తూకమేసేవాడు ఆ కవరుని ఇనుములో కలుపుతాడా, విడిగా తీస్తాడా? 

ఆ సీట్లో ఆమె ఇరవై రెండేళ్లు తిరిగింది. లోడు ఎక్కడికైతే అక్కడికి. డీజిల్ ట్యాంకు ఆమె తలుపు కిందే ఉంటుంది. దాని మూత వదులు. మలుపు తిరిగినప్పుడల్లా డీజిల్ తొణికేది. ఆమె కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "తల పగిలిపోతోంది, ఆ మూత సంగతి చూడండి" అనేది. నేను "రేపు చూస్తా" అనేవాణ్ణి. ఇరవై రెండేళ్లు అన్నాను. మాట మీద నిలబడే మనిషిని.

సరే, మావాడు హెచ్చరించిన మర్నాడు బంకుకి వెళ్లాను. డీజిల్ కొట్టే అమ్మాయి మూత తిప్పగానే ట్యాంకు బుస్సుమంది. ఆ అమ్మాయి ఒక్క గెంతు వేసింది.

"తాతా, ట్యాంకులో పామును పెంచుతున్నావా ఏంటి?"

"పాము కాదమ్మా, శని. దారిలో ఆగిపోతోంది."

"ఎప్పట్నుంచి?"

ఆ మాట పది నెలల్లో ఎవరూ అడగలేదు. పండితులు అడగలేదు. బామ్మర్ది అడగలేదు. కంప్యూటరూ అడగలేదు. అందరికీ రోగం ముందే తెలుసు మరి. నేను లెక్కేసుకుని, "మా ఆవిడ చనిపోయిన నెల నుంచి" అన్నాను.

ఆ అమ్మాయి మూత తిరగేసి చూసింది. లోపల అంచు చుట్టూ నల్లటి సైకిల్ ట్యూబు ముక్క.

"ఇదెవరు అంటించారు?"

నేనే. ఆమె పోయిన రెండో వారం. పని లేక కూర్చుని, ట్యూబు గుండ్రంగా కత్తిరించి, బంక పూసి, మూతకి బిగించాను. పావుగంట పని. ఆ రోజు నుంచి చుక్క తొణకలేదు. కేబిన్లో వాసన లేదు. పక్క సీట్లో మనిషీ లేదు.

"ట్యాంకుకి గాలి పోయే సందు ఉండాలి తాతా," అంది. "డీజిల్ బయటికి పోయే కొద్దీ లోపలికి గాలి రావాలి. ఇలా బిగించేస్తే కాసేపటికి ట్యాంకు డీజిల్ వదలదు. నువ్వు మూత తీసినప్పుడల్లా గాలి దూరి, బండి బతికింది."

అంటే బండిని లేపింది సుత్తీ కాదు, తీగా కాదు, ముసలమ్మ చెయ్యీ కాదు. నా పుల్ల! ముసలమ్మకి మాత్రం ఈ సంగతి చెప్పలేదు. ఎవరైనా చెబితే నేను ఒప్పుకోను.

మూత తీసిన ప్రతిసారీ ఆ బుస్సు నాకు వినబడి ఉండాలి కదా అంటారా? హారన్ల గోలలో వినబడలేదు. నాకు వినే అలవాటు లేదని మా ఇంట్లో ఒకావిడ ఎప్పుడూ అంటుండేది. అది కూడా నేను సరిగ్గా వినలేదు.

బ్లేడుతో ట్యూబు ముక్క కోసి పారేసింది ఆ అమ్మాయి. అంతే. మూడు వారాలైంది. ఒక్కసారి కూడా ఆగలేదు. పాత ఇనుమాయన్ని మావాడే రావద్దన్నాడు. రోజూ ఫోన్ చేసి "ఆగిందా?" అంటాడు. "లేదు" అంటాను. పెట్టేస్తాడు. బామ్మర్ది, తను వేసిన ఇంజెక్టర్లు ఇప్పటికి సర్దుకున్నాయని ఊరంతా చెప్పుకుంటున్నాడు.

హారన్లు లేవు. పండితులు లేరు. మలుపు తిరిగితే డీజిల్ మళ్లీ తొణుకుతోంది. కేబిన్ నిండా కంపు. పూల కవరు కూడా అదే వాసన. ఎవరూ ఏమీ అనడం లేదు.

మొన్న విడిభాగాల దుకాణానికి వెళ్లాను. తొణక్కుండా, గాలి ఆడేలా ఏదైనా మూత ఉంటుందా అని అడిగాను. దుకాణదారు వెనక్కి కూడా తిరగకుండా అరలో చెయ్యి పెట్టి ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇదెప్పుడొచ్చింది?" అన్నాను.

"ఎప్పుడేంటండీ, మీ బండి వచ్చిన రోజు నుంచీ ఉంది. ఎవరూ అడగరు."

ఇప్పుడు చెప్పండి, ఆగే లారీ నయమా కాదా? ఆగినన్నాళ్లూ తప్పు లారీది.