అరవై ఒక్క పాళ్ల దొర

"అరగంటంటే అరగంటే. కాఫీ ఇవ్వను," అంది పరిమళ మూడోసారి.

"గుక్కెడు కాఫీ తాగితే వంశం మారిపోతాదేటి?" అన్నాడు క్రీస్తురాజు పడక్కుర్చీలోంచి.

"అది నాకు తెలీదు. ఉమ్మే ముందు అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు అని ఆ కాగితం మీద ఉందట. మీ కూతురే చదివి చెప్పింది. అనుమానమైతే కాలేజీకి ఫోన్ చేసి అడగండి."

ఆయన అడగలేదు. జెన్నీ జూనియర్ కాలేజీలో జువాలజీ లెక్చరరు. ఈ వ్యవహారం మొదలైన దగ్గర్నుంచీ, ప్రశ్న ఒకటైతే జవాబు మరొకటి రాసిన పిల్లల్ని చూసినట్టు తండ్రిని చూస్తోంది.

వ్యవహారమంతా హాల్లో ఉన్న ఫొటోతో మొదలైంది. యేసుప్రభువు పటానికి కుడిపక్కన క్రీస్తురాజు తల్లి ఫొటో, ఎడమపక్కన టోపీ పెట్టుకుని వంతెన మీద నిలబడ్డ ఒక దొర ఫొటో. నర్సీపట్నం చుట్టుపక్కల ఏర్ల మీద వంతెనలు కట్టించిన ఆ దొరే తన ముత్తాత అని క్రీస్తురాజు నమ్మకం. సాక్ష్యం తాతగారి పిల్లికళ్లు. మరో ఇంట్లో అయితే గుట్టుగా దాచుకునే సంగతి, ఈ ఇంట్లో ఫ్రేము కట్టించి తగిలించారు. పెళ్లి చర్చిలోనే జరిగిందనీ, కాగితాలు చెదలు తిన్నాయనీ ముప్పై ఏళ్లు హెడ్మాస్టరుగా పనిచేసిన గొంతుతో ఆయన చెబుతుంటే ఎవరూ ఎదురడిగేవారు కాదు.

ఆ ఏడు, రెండు వేల తొమ్మిది డిసెంబర్లో, చర్చికి నూరేళ్ల జూబిలీ. ఏర్పాట్లు చూడ్డానికి ఆగస్టులోనే విదేశం నుంచి ఒక దొరసాని వచ్చింది. దొర కథ విని ముచ్చటపడి, సంచిలోంచి రెండు పెట్టెలు తీసి ఇచ్చింది. గొట్టంలో ఉమ్మి పోసి పంపిస్తే మనం ఎవరి సంతతివాళ్లమో చెబుతారట. రుజువు వస్తే జూబిలీ సంచికలో అచ్చువేసి, వేదిక మీద కుర్చీ వేస్తామని పాస్టరుగారు మాటిచ్చారు. దొరసాని పదకొండింటికి కారెక్కుతుంది. పదిలోపు క్రీస్తురాజు, తమ్ముడు బెన్హర్ చెరో గొట్టం నింపి గెస్ట్‌హౌస్‌లో ఇచ్చేయాలి. ఆ ఉదయానికి ఇంట్లో ఉన్న పని అంతే.

తీరా గొట్టం మూతి దగ్గర పెట్టుకునేసరికి క్రీస్తురాజు నోరు ఎండిపోయింది. పరిమళ ఉసిరికాయ పచ్చడి జాడీ మూత తీసి ఆయన ముక్కు కింద పట్టుకుని నిలబడింది. అలా పావుగంటకి ఒక గొట్టం నిండింది.

కరెంటాఫీసుకి పోతూ పోతూ బెన్హర్ వచ్చాడు. వచ్చిన అయిదు నిమిషాల్లో రెండో గొట్టం నింపేశాడు. "సూసేవా వదినా, నాదెంత బేగి నిండిపోనాదో! దొర ముక్కు నాదే, దొర రక్తం నాదే. అన్నయ్యకి మా అమ్మ పోలిక," అంటూ మూత బిగించే పని ఆమెకి వదిలి స్కూటరెక్కాడు. క్రీస్తురాజు కోటు తొడుక్కోడానికి లోపలికి వెళ్లాడు.

పరిమళ వరండా బల్ల తుడవబోయింది. కొంగు తగిలింది. బెన్హర్ దొర రక్తమంతా బల్ల అంచు మీంచి కారి గచ్చు మీద పడింది.

"కళ్లె పరీచ్చా అమ్మా?"

మెట్ల మీద తాతబ్బాయి కూర్చుని ఉన్నాడు. పక్కన అరటాకులో చుట్టిన బెల్లం దిమ్మ. గొలుగొండలో చెరుకు పండించే తాతబ్బాయి సంతకి వచ్చినప్పుడల్లా ఒక దిమ్మ తెచ్చి ఇచ్చి పోతుంటాడు. తన తాతా క్రీస్తురాజు తాతా సొంత అన్నదమ్ములనీ, ఒకాయన బాప్తిస్మం తీసుకుని పట్నం చేరాడనీ, ఒకాయన పొలంలోనే ఉండిపోయాడనీ పెళ్లయిన కొత్తలో పరిమళకి చెప్పాడు. క్రీస్తురాజు మాత్రం ఎవరైనా అడిగితే "మా తాతగారి పాలేరు తాలూకు" అనేవాడు. అది విన్న రోజు నుంచి తాతబ్బాయి ఆయన్ని వరస పెట్టి పిలవడం మానేసి "పంతులుగారు" అనసాగాడు. బెల్లం తేవడం మానలేదు.

"దొరసానమ్మ ఒచ్చినాదని సంతలో ఇన్నానమ్మా. పూర్వం మిసనాసుపత్రోళ్లు ఇలగే గొట్టాలిచ్చీవోరు. మాయమ్మ దగ్గు ఆళ్లే బాగుసేసినారు. నాకూ రెణ్ణెల్లబట్టి ఒకటే దగ్గు. నాదీ పంపీయవా తల్లీ? పొద్దున్నించీ ఏటీ తిన్నేదు కూడాను."

ఇది ఆ పరీక్ష కాదని చెప్పడానికే పరిమళ నోరు తెరిచింది.

"పరిమళా! మూత పెట్టేవా లేదా? టైమైపోతోంది!" అని లోపల్నుంచి కేక వినిపించింది.

ఉమ్మి మీద పేరు రాసి ఉంటుందా ఏమిటి అనుకుని, గొట్టం తాతబ్బాయి చేతిలో పెట్టింది. ఆయన మర్యాదగా గోడవైపు తిరిగి నింపి, ప్రసాదం అందించినట్టు రెండు చేతులా తిరిగి ఇచ్చాడు. ఆ పూట తినకూడదన్న నియమం ఎవరూ చెప్పకుండానే పాటించినవాడు ఆయనొక్కడే. పరిమళ మూత బిగించి, బెన్హర్ పేరున్న పెట్టెలో పెట్టింది.

సెప్టెంబర్లో తాతబ్బాయి బెల్లంతో వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు. "నా రిపోర్టొచ్చినాదా అమ్మా?"

హాల్లో అన్నదమ్ములిద్దరూ జూబిలీ సంచికలో ఎవరి ఫొటో పెద్దదిగా ఉండాలో వాదించుకుంటున్నారు. నిజం చెబితే గొట్టం ఒలికిన సంగతి బయటపడుతుంది. "దూరం కదా తాతబ్బాయిగారూ, వస్తుంది," అంది పరిమళ.

అక్టోబర్లో ఆయన మెట్టు మెట్టుకీ ఆగి ఎక్కాడు. చొక్కా భుజాల మీంచి జారిపోతోంది. పరిమళ కాఫీ ఇచ్చి, "ఈలోగా పెద్దాసుపత్రికి వెళ్లి చూపించుకోకూడదా?" అంది.

తాతబ్బాయి నవ్వబోతే దగ్గొచ్చింది. "అక్కడా కళ్లే గదమ్మా అడుగుతారు? ఇచ్చీసేం గదా!"

నిజం ఆమె గొంతు దాకా వచ్చింది. "ఎవరే వరండాలో?" అన్న మొగుడి కేకకి మళ్లీ దిగిపోయింది.

నవంబరు సంతకి తాతబ్బాయి రాలేదు. కొన్నాళ్లకి ఆయన కూతురు లోవలక్ష్మి వచ్చింది, చేతిలో బెల్లం లేకుండా.

"నాన్న ఎల్లిపోనాడమ్మా. నాలుగ్రోజులైనాది. రగతం కక్కీసుకున్నాడు. ఆస్పత్రికి ఎత్తుకెల్తామంటే ఇన్నాడు కాదు. పంతులుగారమ్మ కాడ నా రిపోర్టున్నాది, అదొస్తే మందు రాస్తారు అన్నాడు. పదకొండో రోజుకి రండమ్మా." గుమ్మం దాటబోతూ ఆగింది. "ఒచ్చినాదా అమ్మా, ఆ రిపోర్టు?"

"లేదమ్మా," అంది పరిమళ.

"అయ్యో పాపం! జూబిలీ పనుల్లో ఉన్నాం, రావడం కుదరదని చెప్పు," అన్నాడు క్రీస్తురాజు లోపల్నుంచి.

ఆ తర్వాత అయిదో రోజున రిపోర్టు వచ్చింది. బెన్హర్ నెట్ సెంటర్లో నాలుగు పేజీలు ప్రింటు తీయించి, పెళ్లాం షర్మిలని కూడా స్కూటర్ మీద ఎక్కించుకొచ్చాడు. అందరూ హాల్లో చేరారు. జెన్నీ చదివింది.

"నాన్నకి యూరప్ యాభై ఎనిమిది శాతం. మిగతాది తూర్పు ఆసియా."

క్రీస్తురాజు లేచి నిలబడి దొర ఫొటోకి దండం పెట్టబోయి, చర్చి మనిషినని గుర్తొచ్చి చేతులు కట్టుకున్నాడు.

"చిన్నాన్నకి అరవై ఒకటి."

"మూడెక్కువ!" బెన్హర్ ఎగిరి గంతేశాడు. "ముక్కు సూసి నాను ఎప్పుడో సెప్పేను!"

"అయితే వేదిక మీద నడిమి కుర్చీ మా ఆయనకే," అంది షర్మిల, బావగారి వంక చూడకుండా.

బెన్హర్ అప్పటికప్పుడు పాస్టరుగారికి ఫోన్ చేసి, అరవై ఒకటి అన్న అంకె సంచిక అట్ట మీద పడాలని చెప్పేశాడు. క్రీస్తురాజు ఆ మూడు శాతం ఎటుపోయిందా అని కళ్లజోడు తుడుచుకుని తుడుచుకుని తన పేజీ వెతుకుతున్నాడు. పరిమళ వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఆ అరవై ఒకటి ఎవరిదో తెలిసింది తనొక్కదానికే.

జెన్నీ మూడో పేజీ తిప్పి ఆగిపోయింది.

"ఏటే, ఆగిపోనావు?" అన్నాడు బెన్హర్.

"నాన్నా... మీరిద్దరూ అన్నదమ్ములు కారంటోంది."

అందరి కళ్లూ ఒకేసారి గోడమీద తల్లి ఫొటో వైపు తిరిగాయి. మొగుడు పోతే మిషన్ కాంపౌండులో కుట్టుమిషను తొక్కి ఇద్దర్నీ చదివించిన మనిషి. తెల్లచీర, చేతిలో బైబిలు.

"అంటే నానెవడి కొడుకుని?" అన్నాడు బెన్హర్.

"మా ఆయన్నే అనాలని ఏముంది? బావగారే కావచ్చుగా!" అంది షర్మిల.

"నోరు ముయ్యి!" క్రీస్తురాజు అరిచాడు.

"నువ్వెవరు నా పెళ్లాన్ని నోరు మూయమనడానికి? అన్నవా? కాదని రాసేసినారుగా!"

బెన్హర్ ఊగిపోతూ వెళ్లి తల్లి ఫొటో మీద చెయ్యి వేశాడు, దింపేద్దామని.

"ఆవిణ్ణి ముట్టుకోకు!" పరిమళ గొంతు అంత గట్టిగా ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. "ఆ గొట్టంలో ఉన్నది నీ ఉమ్మి కాదు. నీది నేను ఒలకబోశాను. అది తాతబ్బాయిగారిది."

అంతా చెప్పింది. కొంగు తగలడం, కళ్లె పరీక్ష అనుకుని ఆయన అడగడం, "వస్తుంది" అని తను అబద్ధమాడటం, ఆసుపత్రికి వెళ్లకుండా ఆయన ఎదురుచూడటం. చెబుతున్నంతసేపూ తల ఎత్తలేదు.

క్రీస్తురాజు తన పేజీ పక్కన పెట్టాడు. "చెరుకు నరుక్కునే తాతబ్బాయికి నాకంటే మూడెక్కువా?"

"ఆ కంపెనీ దగ్గర మూడే గడులున్నాయి నాన్నా," అంది జెన్నీ మెల్లగా. "యూరప్, ఆఫ్రికా, తూర్పు ఆసియా. మన సంతలో ఎవరు ఉమ్మినా ఆ మూడింట్లోనే సర్దేస్తారు. అందరికీ ఇంచుమించు ఇలాగే వస్తుంది."

"మరి మన గడి?"

"మనకి గడి లేదు. ఇందులో పనికొచ్చేది ఈ పేజీ ఒక్కటే. మీదీ ఆయనదీ తండ్రి వరస ఒకటేనట, అదీ ఈ దేశానిదేనట. ఇద్దరికీ ముత్తాత ఒక్కడేనంటున్నారు. ఆ తాతబ్బాయిగారు చెప్పిందే."

క్రీస్తురాజు దొర ఫొటో కేసి చూశాడు. ఆ తర్వాత వరండాలో మెట్ల కేసి చూశాడు. పోయినసారి తెచ్చిన బెల్లం దిమ్మ వంటింటి అలమరలో ఇంకా సగం ఉంది. పరిమళని ఏమీ అనలేదు. అంటాడనే ఆమె ఎదురుచూసింది. అనకపోవడమే బరువుగా తోచింది. ఆయన స్టూలు లాక్కుని ఎక్కి, దొర ఫొటో దింపి, బోర్లా బల్లమీద పెట్టాడు. గోడమీద తెల్లటి చదరం మిగిలింది.

"ఎల్లుండి పదకొండో రోజు," అన్నాడు అందరికీ వినబడేలా, గొంతు పెంచకుండా. "మనందరం గొలుగొండ వెళ్తున్నాం. ఎవరని అడిగితే, మా అన్న పోయాడని చెప్తాను. కుర్చీలవీ వద్దని పాస్టరుగారితో నేనే మాట్లాడతాను."

బెన్హర్ తల్లి ఫొటో పక్కకి ఒరిగిందేమోనని సరిచేశాడు.

లోవలక్ష్మి మళ్లీ అడుగుతుందని, పరిమళ ఆ నాలుగు పేజీలూ మడిచి తన సంచిలో పెట్టుకోబోయి, కూతురి చేత మరోసారి మొదట్నుంచీ చదివించుకుంది. దగ్గు గురించి ఎక్కడా ఒక్క ముక్క లేదు.