సెలవులో ఉన్న కమలం హాజరు

"నేరం పిల్లి మాదిరి నడిచినా దాని కాలి చప్పుడు ఈ చెవికి వినబడతాది, సెల్వం. అది నాకు పుట్టుకతో వచ్చిన విద్య" అని దొరైసామి అన్న కోవిల్‌పట్టి బస్టాండులో ప్రకటిస్తుండగా, మా యూనివర్సిటీ బస్సు హారన్ కొట్టుకుంటూ ఆయన వీపు వెనకనుంచే వెళ్ళిపోయింది. అది మాత్రం ఆయనకు వినబడలేదు.

మేమిద్దరం పరీక్షల విభాగంలో గుమాస్తాలం. ఆఫీసులో తమిళం మాట్లాడతాం. రహస్యాలకు మాత్రం ఇంటి తెలుగే. అన్నకు రహస్యాలు ఎక్కువ కాబట్టి మా మధ్య తెలుగు బాగానే బతుకుతోంది. డిటెక్టివ్ ముఖం జనంలో కలిసిపోవాలని ఆ మధ్య ఆయన ఏళ్ళ తరబడి పెంచిన మీసం తీసేసి, లావుపాటి నల్ల ఫ్రేము కళ్ళద్దాలు పెట్టుకున్నారు. అప్పటినుంచి వీధిలో అందరూ ఆగి మరీ చూస్తున్నారు.

ఆ రోజు తర్వాతి బస్సులో ఆఫీసుకు చేరేసరికి నిజంగానే ఒక కేసు ఎదురుచూస్తోంది. మా విభాగంలోనే పనిచేసే కమలం ప్రసూతి సెలవు మీద విరుదునగర్‌లో పుట్టింట్లో ఉంది. కానీ గేటు దగ్గర కొత్తగా పెట్టిన, ముఖం చూసి హాజరు వేసే మిషను, మూడు వారాలుగా ఆమెకు రోజూ హాజరు వేస్తోంది. మా యూనివర్సిటీ రూలు ప్రకారం మిషను మాటే వేదం. హాజరు ఉంటే సెలవు చెల్లదు. సోమవారం వచ్చి పనిలో చేరాలని రిజిస్ట్రార్ మేడమ్ కమలానికి మెమో పంపించారు.

రబ్బరు తొడుగుతో కమలం ముఖం తయారుచేసిన ముఠా ఒకటి మన మధ్య తిరుగుతోందని అన్న తేల్చేశారు. అంత కష్టపడి పరీక్షల విభాగంలోకి ఎవరొస్తారని అడిగాను. నాలాంటి వాళ్ళ అమాయకత్వం మీదే ముఠాలు బతుకుతున్నాయన్నారు.

శనివారం విరుదునగర్ వెళ్ళాం. ఆయన ఉయ్యాల గుడ్డలు అమ్మేవాడి వేషం కట్టి, భుజాన మూట వేసుకుని తలుపు తట్టారు. కమలం తలుపు తీసి, "రాండి అన్నా. మూట ఏంటికి?" అంది.

ఆయన చలించలేదు. కమలం అమ్మ రుక్మణిని పక్కకు పిలిచి, కమలానికి పుట్టగానే దాచిపెట్టిన కవల అక్క ఎవరైనా ఉన్నారా అని గొంతు తగ్గించి అడిగారు. ఆవిడ నిజంగానే కాసేపు ఆలోచించింది.

"కన్నది నేను కద నాయనా. ఇంకొకతి ఉంటే మతికి రాదా?"

కమలం మాత్రం నవ్వలేదు. ఒళ్ళో పసిదాన్ని జోకొడుతూనే, "మిషను అబద్దం చెప్పదంట అన్నా. అప్పుడు నేనే కద అబద్దం? ఇంగ దీనికి మెడ కూడా నిలవలే. ఎవురి కాడ ఇడిచి వచ్చేది?" అంది.

తిరుగు ప్రయాణంలో బస్సు సాత్తూరు దాటింది. అన్న ముఠా ఊసు ఎత్తలేదు.

"సోమవారం పొద్దున్నే అదెవురో పట్టుకోవాల సెల్వం. ఆ బిడ్డ రాకముందే."

సోమవారం మాకంటే ముందు వాచ్‌మన్ మునియాండి ఒక్కడే వచ్చాడు. మిషను పక్కన క్రోటన్ తొట్టి వెనక అన్న గొంతుక్కూర్చున్నారు. నన్ను ఎదురు స్తంభం దగ్గర నిలబెట్టారు. కాసేపటికి ఆకలేసి జేబులోంచి వేరుశనగల కడలై మిఠాయి ముక్క తీశారు. అది చేయి జారి మిషను కింద పడింది. వంగి, ఏరుకుని, ఊదుకుంటూ పైకి లేచారు. మిషను థాంక్యూ అంది. రోజూ ఆ మాట వినగానే లోపలికి పోయే అన్న ఈసారి తెర వంక చూశారు. కమలం పేరు.

"వచ్చినాది సెల్వం, ఈడనే ఉండాది, పట్టు" అని ఆయన గిర్రున వెనక్కి తిరిగారు. వెనక గోడ తప్ప ఎవరూ లేరు. తొట్టి వెనక కూడా వెతికారు.

నేను వెళ్ళి ఆయన్ను భుజాలు పట్టుకుని మిషను ముందు మళ్ళీ నిలబెట్టాను. కమలం. కళ్ళద్దాలు తీయించాను. మిషను పలకలేదు. పెట్టించాను. కమలం. కమలం కూడా అలాంటి నల్ల ఫ్రేమే పెట్టుకుంటుందని అప్పుడు గుర్తొచ్చింది. మిషనుకు తెలిసిన అన్న ముఖానికేమో మీసం ఉంది.

"అన్నా, ఇది మోసం కేసు కాదు. మీసం కేసు" అన్నాను.

అప్పుడే వచ్చిన రిజిస్ట్రార్ మేడమ్ కూడా ఆయన్ను రెండుసార్లు నిలబెట్టి చూశారు. మరి మూడు వారాలుగా గైర్హాజరని మీ ఫోనుకు రోజూ మెసేజి వస్తుంటే ఏం చేశారని తమిళంలో నిలదీశారు. శత్రువుల బెదిరింపులనుకుని చెరిపేశానని ఆయన ఒప్పుకున్నారు.

కమలం మెమో అక్కడికక్కడే రద్దయింది. అయితే మిషను మాట వేదమన్న రూలు మాత్రం రద్దు కాలేదు. కమలం పేరుతో హాజరైన మనిషి కమలం పని కూడా చేయాలని, ఆమె వచ్చేదాకా అన్నను ఆ కుర్చీలో కూర్చోమన్నారు.

కబురు చెబుదామని కమలానికి ఫోను చేశాను. అంతా విని ఆమె నవ్విన నవ్వుకు పసిది లేచి ఏడుపు అందుకుంది.

ఇప్పుడు అన్న కమలం బల్ల దగ్గర కూర్చుని హాల్ టికెట్లు సరిచూస్తున్నారు. ఎవరైనా అడిగితే, ఇది మారువేషంలో చేస్తున్న పని, బయట చెప్పొద్దంటున్నారు. నిన్న సాయంత్రం బస్సు టైమైందని పిలిస్తే, ఇంకో కట్ట ఉంది, నువ్వు పో అన్నారు. కమలం వచ్చేసరికి ఒక్క కాగితం పెండింగు ఉన్నా తన పేరు చెడిపోతుందట.

ఏ పేరని నేను అడగలేదు.